వీలునామా వ్రాయువాని బాధ్యత

ఒకరి మాటను మరియొకరు వ్రాసిపెట్టు వృత్తులు లోకములో అనేకములు గలవు. గుమాస్తా ఉత్తరములో తప్పు వ్రాసినయెడల, దానిని పంపువాడు చదివి దిద్దుకొనగలడు. వీలునామా వ్రాయు న్యాయవాది పని అట్టిది కాదు. చెప్పినవాడు సమాధిలో నుండగా ఆ వ్రాతను విప్పి చదువుదురు. "నా భావము అది కాదు" అని చెప్పుటకు అతడు లేడు. కనుక ఈ వృత్తిలో ఒక చిక్కు ప్రశ్న యున్నది: అన్యాయమని తనకు తోచిన వీలునామాను న్యాయవాది వ్రాయవచ్చునా?

ఇంగ్లాండులో ఈ పని చేయువారిని సొలిసిటర్లు అందురు. చిన్న పట్టణములలో సైతము వీరి కార్యాలయములు గలవు. ఒక వృద్ధురాలు వచ్చి, "నా కుమార్తెకు ఏమియు వ్రాయకుడి" అనెననుకొందము. ఆమెను వెంటబెట్టుకొని వచ్చిన కుమారుని వెలుపల కూర్చుండుమని చెప్పి, ఆమెతో ఒంటరిగా మాటలాడుట మంచి సొలిసిటరు చేయు మొదటి పని. ఆ దేశపు 1837 నాటి వీలునామాల చట్టము ప్రకారము ఇద్దరు సాక్షులు ఏకకాలమున ఎదుట నుండవలెను. ఆ సాక్షికిగాని, సాక్షి భార్యకుగాని, భర్తకుగాని అందులో వ్రాసిన దానము చెల్లదు.

కొందరు ఇట్లందురు: "ఆస్తి ఆమెది, న్యాయవాది కలము మాత్రమే. కలము తన అభిప్రాయము చొప్పున వ్రాయసాగినచో ఎవరి మాటకును భద్రత లేదు." మరికొందరు, "తప్పని ఎరిగియు వ్రాసిన చేతికి ఆ తప్పులో పాలు లేదా?" అని అడుగుదురు. రెండు మాటలలోను సత్యమున్నది.

1870లో బ్యాంక్స్, గుడ్‌ఫెలో వ్యాజ్యెములో ఇంగ్లాండు న్యాయస్థానము చెప్పిన తీర్పు మనకు దారి చూపును. ఆ వీలునామా వ్రాయించినవాడు దురాత్మలు తనను తరుముచున్నవని భ్రమించువాడు. ఆ భ్రమ ఆస్తి పంపకమును తాకలేదు గనుక వీలునామా నిలిచెను. వ్రాయించువాడు తాను చేయుచున్నదేమో, తనకున్నదేమో, తనయందు హక్కుగలవారెవరో గ్రహింపవలెనని న్యాయాధిపతులు నిర్ణయించిరి. వారికి ఇచ్చితీరవలెనని చెప్పలేదు. వారిని తలంచుకొనవలెనని చెప్పిరి.

న్యాయవాది బాధ్యత ఇందులోనే యున్నది. అతడు పంచువాడు కాడు, అయినను మౌనముగా నుండరాదు. "మీరు ఆమెను కడపట చూచినదెన్నడు? ఈ కోపము ఏనాటిది?" అని అడుగవలెను. పిత్రార్జితము విషయమై తన సహోదరునికి చెప్పుమని ఒకడు ప్రభువును వేడుకొనినప్పుడు, ఆయన తీర్పరిగా నుండుటకు ఒప్పుకొనలేదు. అయినను దురాశను గూర్చి హెచ్చరింపక మానలేదు.

అడిగినను ఆమె మనస్సు మారకపోవచ్చును. అప్పుడు సందేహమునకు తావులేకుండ వ్రాయవలెను. ఆమె మరణించిన తరువాత ఎవరు కన్నీరు కార్చినను ఒక్క అక్షరమైన మార్చరాదు. తన్ను ఇక కనిపెట్టలేని మనుష్యునికి నమ్మకముగా నుండుటకంటె గొప్ప నమ్మకత్వమేది?

2004లో ఇంగ్లాండులో ఒక తల్లి మరణించెను. ఆమె యొక్కతే కుమార్తె 17వ యేట ఇల్లు విడిచి తాను ప్రేమించినవానియొద్దకు పోయెను. ఎడబాటు 26 సంవత్సరములు సాగెను. తల్లి సుమారు 4,86,000 పౌండ్ల ఆస్తిలో అధికభాగము జంతువుల, పక్షుల ధర్మసంస్థలకు వ్రాసి, కారణములు తెలుపు ఉత్తరమును కూడ విడిచిపోయెను. కుటుంబపోషణను గూర్చిన 1975 నాటి చట్టమును బట్టి కుమార్తె న్యాయస్థానమునకు పోగా 2007లో 50,000 పౌండ్లు ఇయ్యబడెను. పై న్యాయస్థానములలో వ్యాజ్యెము సాగి, 2017లో సుప్రీము కోర్టు ఆ 50,000నే నిలిపెను. న్యాయస్థానము సొమ్ము ఇప్పింపగలిగెను గాని, తల్లి నోట ఒక మంచి మాట పలికింపగలిగెనా?

మన దేశములో 1925 నాటి వారసత్వ చట్టము ప్రకారము, క్రైస్తవుడు వీలునామా లేక మరణించినయెడల కుమారులకును కుమార్తెలకును సమభాగములు వచ్చును. వీలునామా వ్రాసినయెడల తన ఆస్తిని ఎవరికైనను ఇయ్యవచ్చును. ఇంగ్లాండులోని 1975 నాటి చట్టము వంటిది ఇక్కడ అతని బిడ్డలకు లేదు. కాబట్టి మన ప్లీడరుగాని, దస్తావేజు లేఖరిగాని అడుగు ఆ ఒక్క ప్రశ్న మరింత విలువైనది. "వ్రాతకూలి వచ్చినది చాలును" అనుకొని ఊరకుండరాదు.

పాఠకులారా, మీరు వీలునామా వ్రాయింపబోవునప్పుడు కోపముగా నున్న దినమున పోకుడి. ఎవరి పేరు విడిచిపెట్టుచున్నారో వారి యింటికి ముందుగా వెళ్లుడి. చట్టము ప్రకారము, బుద్ధి స్థిరముగా నున్నంతకాలము వీలునామాను మార్చుకొనవచ్చును. ఆ గడువు ఎంతో మనలో ఎవరికిని తెలియదు.