పెట్టెలో వచ్చిన ట్రాక్టరు: ఒక స్వత్వ విచారం

జిన్‌మా 254 అనే చైనా ట్రాక్టరు పేరులోనే దాని వివరమంతా ఉంది. మొదటి రెండంకెలు అశ్వశక్తిని చెబుతాయి. చివరి 4 అంటే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుందని అర్థం. రెండింటికే అందితే అక్కడ 0 వేస్తారు. ఇంజను పేరుదీ ఇదే పద్ధతి: 385 అంటే మూడు సిలిండర్లు, ఒక్కొక్కదాని వ్యాసం 85 మిల్లీమీటర్లు. జిన్‌మా అన్న మాటకు బంగారు గుర్రం అని అర్థం. జియాంగ్సు ప్రావిన్సులోని యాన్‌చెంగ్‌లో తయారైన ఈ బండ్లు, ఇలాంటివే మరికొన్ని, అమెరికాలో ఐదెకరాలో పదెకరాలో ఉన్నవాళ్ల చేతికి చేరాయి. గడ్డి కోయడానికి, కంకర చదును చేయడానికి, మంచు తోయడానికి అంతకన్నా పెద్దది వాళ్లకు అక్కర్లేదు. పేరున్న బ్రాండ్ల కన్నా ధర చాలా తక్కువ.

ఈ పరిమాణం వెనక చైనా పల్లెల చరిత్ర ఉంది. 1958 జూలై 20న లువోయాంగ్ కర్మాగారం నుంచి బయటికొచ్చిన మొదటి డాంగ్‌ఫాంగ్‌హాంగ్ ట్రాక్టరు చెయిన్ల మీద నడిచే బరువైన యంత్రం, సమష్టి వ్యవసాయపు విశాలమైన పొలాలకు తగినది. 1978లో అన్హుయ్ ప్రావిన్సు షియావోగాంగ్ గ్రామంలో 18 మంది రైతులు పొలాన్ని కుటుంబాలవారీగా పంచుకుని సాగు చేద్దామని రహస్యంగా ఒప్పందం రాసుకున్నారు. తరువాత దేశమంతటా కుటుంబ బాధ్యతా పద్ధతి అమలైంది. భూమి సమష్టిదిగానే ఉండిపోయింది, సాగు హక్కు మాత్రం ఇంటింటికీ చేరింది. చిన్న కమతానికి చిన్న యంత్రం కావలసివచ్చింది. అంటే ఈ ట్రాక్టరు పుట్టుకలోనే ‘ఇది ఎవరిది’ అన్న ప్రశ్న ఉంది.

ఈ బండి అమెరికాకు ఇనుప చట్రపు పెట్టెలో బిగించి ఓడ మీద వస్తుంది. చోటు కలిసి రావడానికి చక్రాలు, సీటు, స్టీరింగు, రోల్ బార్ (బోల్తాపడితే మనిషిని కాపాడే ఇనుప కమ్మీ) విప్పి పక్కన కట్టి ఉంటాయి. డీలరు చేత బిగింపించుకునేవాళ్లు కొందరు. ఇంకాస్త తక్కువలో రావాలనుకున్నవాళ్లు పెట్టెతో సహా ఇంటికి తెచ్చుకుంటారు. చక్రాలు తగిలించడంతో వాళ్ల పని అయిపోదు. కర్మాగారం బిగించిన ప్రతి నట్టునూ మళ్లీ పానా వేసి చూస్తారు, నాసిరకం రబ్బరు గొట్టాలు మారుస్తారు, నూనెలన్నీ తీసేసి కొత్తవి పోస్తారు.

గేర్‌బాక్స్ అడుగు బోల్టు విప్పి, పాత నూనెను వెడల్పాటి పళ్లెంలోకి పట్టి, ఎండలో కాస్త వంచితే అడుగున సన్నటి రేణువులు కదులుతూ కనిపించవచ్చు. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడతాయి. అది పోత ఇసుక. గేర్‌బాక్స్ తొడుగును పోత పోసేటప్పుడు లోపలి ఖాళీ కోసం ఇసుకతో చేసిన దిమ్మను అచ్చులో నిలబెడతారు. కరిగిన ఇనుము దాని చుట్టూ గట్టిపడ్డాక ఇసుకను రాల్చి, గీకి, కడగాలి. ఆ కడగడంలో తొందరపడితే మిగిలిన రేణువు బేరింగులోకో హైడ్రాలిక్ పంపులోకో చేరి ఇనుమును అరగదీస్తుంది. అందుకే తెలిసినవాళ్లు డీజిల్ పోసి, తెల్లగుడ్డకు ఏమీ అంటకుండా వచ్చేదాకా కడుగుతారు.

ఇంత పనీ అయ్యాక, పొద్దున పెట్టెలో లేనిది సాయంత్రానికి ఏం వచ్చింది? కొత్త ఇనుప ముక్క ఒక్కటీ చేరలేదు. ‘మిళిందపన్హ’లో నాగసేనుడు యవన రాజు మిళిందుణ్ని రథం గురించి అడిగింది ఈ ప్రశ్ననే. ఇరుసు రథమా, చక్రం రథమా, కాడి రథమా అని ఒక్కొక్కటీ అడిగి, ఏదీ కాదనిపించి, ఇవన్నీ ఒకచోట కుదిరినప్పుడు వాడుకోసం పెట్టుకున్న పేరే రథమని రాజు చేతనే ఒప్పించాడు. మనిషి కూడా అలాంటి కూర్పేనని ఆయన చెప్పదలచుకున్నది. కృష్ణా తీరంతో సంప్రదాయం ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడి మాధ్యమిక దర్శనం ఈ విచారాన్ని చివరంటా తీసుకెళ్లింది: భాగానికీ తనదైన స్వభావం లేదు, అది కూడా మరికొన్నిటి మీద ఆధారపడినదే.

వైశేషిక దర్శనం వాళ్లు దీన్ని ఒప్పుకోలేదు. దారాలు కలిస్తే గుడ్డ అనే కొత్త ద్రవ్యం పుడుతుందని వాళ్ల వాదం. దారాలు సమవాయి కారణం, వాటి సంయోగం అసమవాయి కారణం, నేతగాడూ మగ్గమూ నిమిత్త కారణాలు. పుట్టిన గుడ్డను అవయవి అన్నారు. భాగాల్లో ఉంటూనే అది భాగాలకు వేరైనది. దారం చలిని ఆపదు, గుడ్డ ఆపుతుంది. పెట్టెలోని చక్రం నేల దున్నదు.

రెండు వాదాలనూ కొట్టంలో పెట్టి చూస్తే ఒక గట్టి చిక్కు బయటపడుతుంది. అన్నీ బిగించాక, డీజిల్ నింపాక, బండి స్టార్ట్ కాదు. గొట్టంలో గాలి చిక్కుకుంది. నాజిల్ దగ్గరి నట్టు అరచుట్టు వదులు చేసి ఇంజను తిప్పితే ముందు నురగ వస్తుంది, తరువాత బుడగలు, ఆ తరువాత బుడగ లేని డీజిల్ ధారగా చిమ్ముతుంది. నట్టు బిగిస్తే ఇంజను అందుకుంటుంది. నురగ వస్తున్నప్పుడు అక్కడున్నది ట్రాక్టరేనా? వైశేషికుడి లెక్కలో అవునే, సంయోగాలన్నీ కుదిరాయి కదా. ఏడో శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి వాస్తవానికి పెట్టిన గురుతు వేరు: పని చేయగలదే ఉన్నది. దాన్ని ఆయన అర్థక్రియా సామర్థ్యం అన్నాడు. ఆ గురుతును అరువు తెచ్చుకుంటే ట్రాక్టరు పుట్టింది బుడగ ఆగిన క్షణాన.

ఈ తగవులో వైశేషికుల మాటే ఈ యంత్రానికి ఎక్కువ ఉపకరిస్తుంది. కారణం సంయోగానికి వాళ్లిచ్చిన స్థానం. పేరే తప్ప మరేమీ లేదంటే, గొట్టం మార్చినా సీటు మార్చినా అదే బండి అని ఎందుకంటామో చక్కగా అర్థమవుతుంది. ఆ మేరకు నాగసేనుడి వివరణ సరిపోతుంది. కానీ వదులుగా ఉన్న ఒక్క బోల్టు మనిషి ప్రాణం ఎందుకు తీస్తుందో చెప్పాలంటే సంయోగాన్ని కారణంగా లెక్కించక తప్పదు. కర్మాగారం అమ్మింది సమవాయి కారణాన్ని. సంయోగంలో చివరి భాగం కొన్నవాడి చేతుల్లో జరిగింది. నిమిత్త కారణం కూడా వాడే. చక్రం ఊడితే ఆ ఊడడంలో వాడి చెయ్యి ఉంది.

ఇక స్వత్వం, అంటే సొంతదనం. డబ్బు కట్టి రసీదు తీసుకున్నంత మాత్రాన వస్తువు మనదవుతుందా? యాజ్ఞవల్క్య స్మృతికి వ్యాఖ్యగా మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడు, కల్యాణి చాళుక్యుల కాలంవాడు, స్వత్వం శాస్త్రం వల్లే తెలిసేదా, లోకం వల్ల తెలిసేదా అని పెద్ద చర్చ చేశాడు. లోకసిద్ధమేనని తేల్చాడు. శాస్త్రం ఎరగని దూరదేశాల వాళ్లలోనూ కొనడం, అమ్మడం కనిపిస్తుంది కాబట్టి అది లోకవ్యవహారమేనని ఆయన చూపిన యుక్తుల్లో ఒకటి. యాన్‌చెంగ్ నుంచి అమెరికా రేవుకు వచ్చిన బండికి అంతకన్నా తగిన యుక్తి దొరకదు. ఈ గ్రంథాన్నే పదమూడో శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగువాళ్లు తమ భాషలో స్వత్వం గురించి ఆలోచించడం మొదలుపెట్టి ఏడు వందల ఏళ్లు దాటింది.

మనదైన వస్తువును ఇష్టమొచ్చినట్టు వినియోగించే యోగ్యత మనకుంటుందని ధర్మశాస్త్రకారులు చెబుతారు. ఈ కోణంలో చూస్తే చవక ట్రాక్టరుకు ఒక గౌరవం ఉంది. 2015లో అమెరికా కాపీరైటు కార్యాలయం ముందు ఒక ప్రసిద్ధ ట్రాక్టరు కంపెనీ, తన బండిలోని సాఫ్ట్‌వేర్ రైతు సొత్తు కాదని, వాడుకునే అనుమతి మాత్రమే రైతుకు ఉందని వాదించింది. అదే ఏడాది రిపేరు కోసం ఆ సాఫ్ట్‌వేర్ తాళం తీయడానికి మినహాయింపు వచ్చింది. రైతుకు తన యంత్రాన్ని బాగుచేసుకునే హక్కునిస్తూ 2023లో కొలరాడో రాష్ట్రం చట్టం చేసింది. పెట్టెలో వచ్చిన పాత పద్ధతి డీజిల్ బండికి తాళం పెట్టడానికి సాఫ్ట్‌వేరే లేదు. పానా ఉన్నవాడికి అది పూర్తిగా తెరిచి ఉంటుంది.

అయితే ఇష్టమొచ్చినట్టు అన్నదానికి హద్దులున్నాయి. 50 అశ్వశక్తి లోపు డీజిల్ ఇంజన్లకూ 1998లో అమెరికా పర్యావరణ సంస్థ పొగ పరిమితులు పెట్టింది. ధ్రువపత్రం ఉందని చెప్పే పట్టీ ఇంజను మీద ఉండాలి. పొగ పొరుగువాడి ఊపిరిలోకీ వెళుతుంది కనుక ఇంజను పూర్తిగా కొన్నవాడిదే కాదు. రోల్ బార్ సంగతి ఇంకా సూటైనది. అమెరికాలో ట్రాక్టరు మరణాలకు బోల్తాపడడమే ప్రధాన కారణం, రోల్ బార్, సీటు బెల్టు కలిసి ఆ మరణాలను ఆపగలవు. చెట్టుకొమ్మలకు అడ్డమని దాన్ని తగిలించకుండా పక్కన పెట్టేయడం తన వస్తువుతో తన ఇష్టంగా కనిపిస్తుంది. రేపు ఆ సీటు మీద కూర్చునేది కొడుకో పక్కింటి కుర్రాడో కావచ్చు.

ఇసుక రాల్చిన కార్మికుడి మాట కూడా ఇక్కడే రావాలి. ఎవడి శ్రమ కలిసిందో వాడిదే వస్తువు అన్న జాన్ లాక్ వాదాన్ని పట్టుకుంటే, యాన్‌చెంగ్ పోతశాలలో పనిచేసినవాడికి ఆ తొడుగులో వాటా ఉండాలి. యజమాని అన్న మాట పుట్టిన చోటే దీనికి ఒక జవాబుంది. యజ్ఞం చేయించేవాడు యజమానుడు. మంత్రం చదివేదీ, హోమం చేసేదీ ఎక్కువగా ఋత్విక్కులే, ఫలం మాత్రం యజమానుడిది. దక్షిణతో వాళ్ల శ్రమను కొన్నాడు కనుక అని మీమాంసకులు సమర్థించారు. కూలి ఇచ్చాం, ఫలం మనదే అని ఈ మాటను అక్కడితో ఆపితే అన్యాయం. యజమానుడు స్వయంగా చేసే ముఖ్యమైన పని త్యాగం. ఇది నాది కాదని ద్రవ్యాన్ని వదిలేదీ అతనే, ఫలం పొందేదీ అతనే. ధర అంత తక్కువ ఉండడానికి ఎవరో ఒక చోట తొందరగా పనిచేయవలసి వచ్చింది. ఆ మిగిలిన ఇసుకను ఓపికగా కడిగేవాడు, తెలిసినా తెలియకపోయినా, ఆ తొందరలో కొంత భారాన్ని తన మీద వేసుకుంటున్నాడు.

చైనా నుంచే వచ్చిన మరో అభ్యంతరం ఉంది, అది యంత్రాన్నే ప్రశ్నిస్తుంది. జువాంగ్జీ గ్రంథం పన్నెండో అధ్యాయంలో కన్ఫ్యూషియస్ శిష్యుడు జిగోంగ్ ఒక ముసలి తోటమాలిని చూస్తాడు. అతను బావిలోకి దిగి, కుండతో నీళ్లు మోసుకొచ్చి మడికి పోస్తుంటాడు. ఏతం వేసుకుంటే రోజుకు వంద మడులు తడుస్తాయి కదా అంటాడు జిగోంగ్. ఏతం సంగతి తనకు తెలియక కాదని, యంత్రం ఉన్నచోట యంత్రపు పనులు, వాటి వెంట యంత్రపు మనసు చేరతాయని, అందుకే సిగ్గుపడి వాడనని ముసలివాడి జవాబు. అది విన్న కన్ఫ్యూషియస్, అతను లోపలిదాన్ని చక్కదిద్దుకుంటాడు, బయటిదాన్ని పట్టించుకోడని అన్నట్టు కథ ముగుస్తుంది. ఏతం తొక్కి చేలు తడిపిన నేలకు ఈ కథ పరాయిది కాదు. ముసలివాడి భయం అర్థవంతమైనదే, అది లోపల ఏముందో తెలియని యంత్రానికి బాగా వర్తిస్తుంది. నురగ ఆగేదాకా నాజిల్ దగ్గర వంగి చూసే మనిషి మనసు యంత్రానికి లొంగిందని చెప్పడం కష్టం. అలా చూడనక్కర్లేకుండా చేసే యంత్రాల దగ్గరే ఆ ముప్పు ఎక్కువ.

చివరిగా అమ్మకం. కొన్న సరుకును పరీక్షించడానికి యాజ్ఞవల్క్య స్మృతి గడువులు పెట్టింది: విత్తనాలకు పది రోజులు, ఇనుముకు ఒక రోజు, బరువు లాగే పశువుకు అయిదు రోజులు. ఇనుములో లోపం చూడగానే తెలుస్తుంది. ఎద్దు స్వభావం కాడి కట్టి దున్నిస్తేనే తెలుస్తుంది. పెట్టెలో ఉన్నప్పుడు ట్రాక్టరు ఇనుము, బిగించాక ఎద్దు. మొదటి కొన్ని గంటల పని తరువాత సిలిండర్ హెడ్ బోల్టులు, చక్రాల నట్లు మళ్లీ బిగించాలన్న వాడుక అందుకే వచ్చింది; వేడికీ కుదుపుకూ సంయోగాలు సర్దుకుంటాయి. సొంతంగా బిగించినవాడు ఆ బండిని మరొకరికి అమ్మితే ఏ గొట్టం మార్చాడో, ఏ మర అరిగిందో, ఏ బోల్టు చెయిన్ కప్పీతో లాగి కూర్చోబెట్టాడో వాడొక్కడికే తెలుసు. లోపమున్న సరుకును లోపం లేనిదిగా అమ్మినవాడికి ఆ స్మృతి విధించిన దండన వెలకు రెట్టింపు.