తీయడం వచ్చాక

చి. మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

పాలిప్‌లు కొలనోస్కోపీలో నువ్వే స్వయంగా తీస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. సంతోషం తల్లీ. చెయ్యి తిరుగుతున్న ఈ రోజుల్లోనే ఒక మాట చెప్పాలి. తీయడం రావడం వేరు, తీయాలో వద్దో తేల్చుకోవడం వేరు. వైద్యమంతా ఆ రెండోదాంట్లోనే ఉంది.

పెద్దపేగులో నీకు రోజూ కనపడే పాలిప్‌లు ఎక్కువగా అడినోమాలు. వాటిలో కొన్ని ఏళ్లు గడిచాక క్యాన్సర్‌గా మారతాయి కనుక తీసేస్తాం. వాటికే అలవాటుపడ్డ కంటికి ఎప్పుడో ఒకసారి లైపోమా తగులుతుంది. ఉత్త కొవ్వు గడ్డ. ఎక్కువగా కుడివైపు పేగులో, పైపొర కింద పెరుగుతుంది. నున్నగా, పచ్చగా ఉంటుంది. మూసిన ఫోర్సెప్స్‌తో మెల్లగా నొక్కి చూడు. దిండులా లోపలికి దిగి, వదలగానే మళ్లీ ఉబ్బుతుంది. బయాప్సీ తీస్తే తరచూ పైనున్న మామూలు పొరే వస్తుంది. అదే చోట మళ్లీ మళ్లీ తీస్తే లోపలి కొవ్వు బయటపడుతుంది. ఇంకా అనుమానముంటే సీటీ తేల్చేస్తుంది. అది చిన్నదై, మనిషిని బాధపెట్టనిదైతే దాని జోలికి పోకు. "చూసి కూడా తీయలేదా?" అని బంధువులు అడుగుతారు. అడగనీ.

2 సెంటీమీటర్లు దాటి పెరిగి రక్తం పోతున్నా, పేగు పేగులోకి చొరబడి నొప్పి వస్తున్నా తీయాల్సిందే. అప్పుడైనా తొందర వద్దు. కొవ్వులో కరెంటు సరిగా పారదు. స్నేర్ (తీగ ఉచ్చు) బిగించి కరెంటు పెంచుకుంటూ పోతే పేగు గోడ కాలి చిల్లు పడొచ్చు. కాడ ఉంటే ముందు దాని మొదట్లో లూప్ బిగించు. గడ్డ రంగు మారిందంటే రక్తం ఆగినట్టు. ఆ తర్వాత లూప్‌కి పైన కోయి. లూప్ వేసి వదిలేసినా అదే రాలిపోతుంది గానీ, ల్యాబ్‌కి పంపడానికి ముక్క మిగలదు.

1969లో న్యూయార్క్‌లో హిరోమి షిన్యా, విలియం వుల్ఫ్ కొలనోస్కోప్‌ గుండా స్నేర్ వేసి పాలిప్ తీసి చూపించారు. అంతకుముందు పేగులో అంత లోపల ఉన్నదాన్ని తీయాలంటే పొట్ట కోయాల్సి వచ్చేది. ఒక కోత తప్పించడానికి పుట్టిన పనమ్మా ఇది. దాంతో అక్కర్లేని ఇంకో కోత పెట్టకు.

ముందురోజంతా మందునీళ్లు తాగి, బాత్రూం చుట్టూ తిరిగి, ఖాళీ కడుపుతో వచ్చిన మనిషి మత్తు వదలగానే "క్యాన్సరా డాక్టర్?" అంటాడు. "కొవ్వు గడ్డలాగే ఉంది, రిపోర్టు వచ్చాక ఖాయంగా చెబుతాను" అను. ధైర్యం చెప్పడానికైనా రిపోర్టు రాకముందే మాటివ్వకు.

తీసిన రోజు ఎలా తీశావో రాస్తావు కదా, వదిలేసిన రోజు ఎందుకు వదిలావో కూడా అంతే వివరంగా రాయి. నీ తర్వాత చూసే డాక్టరు అది చదివితే, ఆ మనిషికి అనవసరంగా ఇంకోసారి స్నేర్ వేయడు.

ఇట్లు,
పెదనాన్న