సత్యానికి చట్టం అండ కావాలా?



విచారణలో పెద్దలూ యువకులూ ఈ మధ్య తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఫాదర్ గారూ, ముస్లింలు తక్కువగా ఉన్నచోట మతస్వేచ్ఛ కావాలంటారు, ఎక్కువగా ఉన్నచోట షరియత్తు పెడతారు గదా. వాళ్ళ మతమే అంతా?" టీవీలో చూసిందీ, ఫోనులో వచ్చిందీ కలగలిపి అడుగుతారు. ఆ ప్రశ్న వెనుక భయం ఉంది. అది వట్టి ఊహ కూడా కాదు. పాకిస్తానులో మంత్రిగా ఉన్న కతోలికుడు షహబాజ్ భట్టీ గారిని 2011 మార్చి 2న కాల్చి చంపారు. దైవదూషణ చట్టాన్ని మార్చాలని కోరడమే ఆయన చేసిన నేరం. అయితే అదే చట్టాన్ని విమర్శించి, అదే ఏడాది జనవరి 4న తన అంగరక్షకుడి చేతిలోనే ప్రాణం పోగొట్టుకున్న పంజాబు గవర్నరు సల్మాన్ తాసీర్ ముస్లిం. ఈ రెండో పేరు మనవాళ్ళలో చాలామందికి గుర్తుండదు.

"వాళ్ళ మతమే అంతా?" అన్నదానికి ఒక్క దేశాన్ని చూసి జవాబు చెప్పకూడదు. కాబట్టి మరో దేశం సంగతి చెబుతాను. ఇండొనేషియాలో నూటికి సుమారు 87 మంది ముస్లింలు. ఆ దేశం పుట్టిన మర్నాడే, ఏడు మాటల గురించి పెద్ద తర్జనభర్జన జరిగింది.

1945 జూన్ 22న, స్వాతంత్ర్యం ఇంకా రాకముందు, తొమ్మిదిమంది నాయకులు కూర్చొని రాజ్యాంగ పీఠిక రాశారు. ఎనిమిదిమంది ముస్లింలు, ఒక్కరు ప్రొటెస్టెంటు క్రైస్తవుడు. దేశానికి ఐదు మూలసూత్రాలు పెట్టుకున్నారు. వాటికి పంచశీల అని మన సంస్కృత పేరే పెట్టారు (నెహ్రూ గారి కాలంలో చైనాతో చేసుకున్న పంచశీల వేరు, ఇది వేరు). మొదటి సూత్రం దైవనమ్మిక. దాని వెంట వాళ్ళ భాషలో ఏడు మాటలు చేర్చారు. ఇస్లామును అనుసరించేవారు షరియత్తును పాటించవలసి ఉంటుందని వాటి భావం.

"ముస్లింలకే గదా, మిగతావారికి ఏం నష్టం?" అనవచ్చు మీరు. ఆలోచించి చూడండి. ఒకరి ప్రార్థనకూ ఉపవాసానికీ రాజ్యం కాపలా కాస్తే, ఎవరు సరైన ముస్లిమో తేల్చేది కూడా రాజ్యమే అవుతుంది. ముందు నష్టపోయేది ముస్లిమే. తరువాత వేరే మతస్థుడు ఆ దేశంలో ఇంటివాడు కాక అద్దెకున్నవాడవుతాడు. తూర్పు దీవుల క్రైస్తవులకు ఈ సంగతి వెంటనే అర్థమైంది. ఆగస్టు 17న స్వాతంత్ర్యం ప్రకటించారు. ఆ సాయంత్రమే, ఆ మాటలుంటే తూర్పువారు కలిసి రారని మహమ్మద్ హత్తా గారికి కబురు అందింది. హత్తా గారు సామాన్యుడు కాదు. కొత్త దేశానికి ఉపాధ్యక్షుడు కాబోతున్నవాడు, నిష్ఠగల ముస్లిం. మర్నాడు ఉదయం ముస్లిం పెద్దలను పిలిచి మాట్లాడారు. ముహమ్మదియా సంస్థ నాయకుడు కి బాగుస్ హదికుసుమో మొదట ససేమిరా అన్నారు, చివరికి ఒప్పుకున్నారు. ఏడు మాటలు తీసేశారు. మొదటి సూత్రం ఏకైక దేవుని నమ్మికగా నిలిచింది.

ఇది దేశం ముక్కలు కాకుండా చేసుకున్న సర్దుబాటేగాని ధర్మనిర్ణయం కాదని కొందరంటారు. నిజమే, అవసరమే వాళ్ళను ఒప్పించింది. తత్వశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాబట్టి నాకూ మొదట అలాగే తోచింది. కాని అవసరం తలుపు తెరిస్తే ధర్మం ఆ తలుపులోంచి రాకూడదని ఎక్కడుంది? అవసరం తీరిపోయాక కూడా ఆ నిర్ణయం మీద నిలబడ్డారా లేదా అన్నదే అసలు పరీక్ష.

నిలబడనివారూ ఉన్నారు. కర్తోసువిర్యో అనే నాయకుడు 1949లో ఇస్లామిక రాజ్యం ప్రకటించి, 1962లో పట్టుబడేదాకా తిరుగుబాటు నడిపాడు. పార్లమెంటరీ పార్టీలు కూడా ఏళ్ళ తరబడి వాదించాయి. అయితే ఆ దేశపు అతిపెద్ద ముస్లిం సంస్థ నహ్దతుల్ ఉలమా 1984లో సితుబొందో పట్టణంలో సమావేశమై పంచశీలనే తమ సంస్థకు ఆధారంగా అంగీకరించింది. సుహార్తో ప్రభుత్వ ఒత్తిడి ఉన్నమాట కాదనను. కాని ఆ నియంత 1998లో దిగిపోయాడు. ఏడు మాటలను తిరిగి చేర్చాలని 2002లో కొన్ని పార్టీలు పట్టుపట్టినప్పుడు ఒత్తిడి చేసేవారెవరూ లేరు. నహ్దతుల్ ఉలమా, ముహమ్మదియా రెండూ వద్దన్నాయి. ఒకనాడు ససేమిరా అన్న హదికుసుమో గారి సంస్థే వద్దన్నది! 2019లో నహ్దతుల్ ఉలమా పండితులు మరో అడుగు వేశారు. ఈనాటి దేశంలో ముస్లిమేతరులను కాఫిర్లు అనరాదు, వాళ్ళు సాటి పౌరులు అని తేల్చారు. మతాన్ని పక్కన పెట్టి తేల్చలేదు, తమ ధర్మశాస్త్రం ముందు పెట్టుకొని తేల్చారు.

ఇక్కడే మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. విశ్వాసం మనసారా చేసే క్రియ కాబట్టి ఎన్నడూ క్రైస్తవులు కానివారిని బలవంతపెట్టకూడదని పునీత తోమాసు అక్వీనాసు గారు బోధించారు. ఒకసారి విశ్వాసం స్వీకరించి తప్పుకున్నవారిని మాత్రం బలవంతపెట్టవచ్చు అన్నదీ ఆయనే. సత్యానికే హక్కులుంటాయి, అసత్యానికి ఉండవు అన్న వాదన శ్రీసభలో చాలాకాలం నడిచింది. ఫ్రాంకో పాలించిన స్పెయినులో ప్రొటెస్టెంటులకు బహిరంగ ఆరాధన లేదు, కతోలికులకే అన్ని గౌరవాలూ. కతోలికులు తక్కువగా ఉన్న దేశాల్లో మాత్రం మనమూ స్వేచ్ఛే అడిగేవాళ్ళం. ముస్లింల మీద మనవాళ్ళు ఈనాడు వేస్తున్న నిందను ఆనాడు ప్రొటెస్టెంటులు మన మీద వేశారు.

ఆ చిక్కుముడి రెండవ వాటికన్ మహాసభ విప్పింది. 1965 డిసెంబరు 7న మతస్వేచ్ఛ ప్రకటనకు 2308 మంది పితరులు అనుకూలంగా, 70 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. దాని వెనుక ఉన్న ఆలోచన ఇంతే: హక్కు సిద్ధాంతానికి ఉండదు, మనిషికి ఉంటుంది. పొరబడుతున్న మనిషి కూడా మనిషే గదా. అదే ఏడాది అక్టోబరు 28న అంగీకరించిన మరో ప్రకటన ముస్లింలను గౌరవంతో చూడమంది. మతస్వేచ్ఛ ప్రకటన రచనలో ముఖ్యుడైన జేసు సభ గురువు జాన్ కోర్ట్నీ మర్రే గారిని అంతకు పదేళ్ళ ముందు ఆ విషయం మీద రాయవద్దని పెద్దలే ఆపివేశారు. ఈజిప్టులో అలీ అబ్దుల్ రాజిక్ అనే న్యాయమూర్తి, ఖలీఫా పాలన ఇస్లాము విధించినది కాదని 1925లో పుస్తకం రాసి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఇద్దరి కథా ఒకటే.

ఇండొనేషియాలో అంతా బాగుందని చెప్పడం లేదు. ఆచే రాష్ట్రంలో షరియత్తు అమలవుతోంది. 1965లో దైవదూషణ చట్టం చేశారు. జకార్తా గవర్నరుగా ఉన్న క్రైస్తవుడు బాసుకి పూర్నమ గారికి 2017 మేలో దాని కిందనే రెండేళ్ళ జైలు పడింది. అదే దేశంలో, 2000 క్రిస్మసు ముందు రాత్రి అనేక పట్టణాల్లో దేవాలయాల వద్ద బాంబులు పెట్టినప్పుడు, మొజోకెర్తోలో ఒక ప్రొటెస్టెంటు ఆలయానికి కాపలా ఉన్న 25 ఏళ్ళ రియాంతో, బాంబును చేతుల్లో పట్టుకొని బయటికి తీసుకుపోయి దాంతోపాటు చనిపోయాడు. అతడు నహ్దతుల్ ఉలమా యువజన దళం వాలంటీరు. "వాళ్ళు" అనే మాట కింద బాంబు పెట్టినవాణ్ణీ అతణ్ణీ కలిపి లెక్కవేయడం నాకు చేతకాదు.

మన దేశంలోనూ ఇలాంటి ఘడియ ఒకటి వచ్చింది. 1949 అక్టోబరు 17న, రాజ్యాంగ పీఠికను దేవుని పేరిట మొదలుపెట్టాలని కామత్ గారు ప్రతిపాదించగా 41 మంది సరేనన్నారు, 68 మంది వద్దన్నారు. వద్దన్నవారిలో భక్తులు లేకపోలేదు. ఆనాడు ఎక్కువమందిగా ఉన్నవారు చట్టంలో తమ దేవుని పేరు కోరుకోలేదు గనకనే మన గుడి గంటలు ఇలా మోగుతున్నాయి.

ఇండొనేషియాలో 2006 నుంచి ఒక నిబంధన ఉంది. కొత్తగా ప్రార్థనాలయం కట్టాలంటే, అందులో ప్రార్థించేవారు 90 మంది పేర్లతో పాటు ఇరుగుపొరుగువారు 60 మంది సమ్మతి కూడా కావాలి. నాకు ఈ నిబంధన నచ్చదు. పొరుగువాడు దయతలిస్తే దొరికేది హక్కు ఎలా అవుతుంది? దీనివల్ల ఏళ్ళ తరబడి ఆగిపోయిన క్రైస్తవ ఆలయాలున్నాయి. కాని ఇది చదివినప్పుడు మన గుంటూరు, కృష్ణా ప్రాంతాల్లో కతోలికులే ఎక్కువగా ఉన్న ఊళ్ళు గుర్తుకొచ్చాయి. అలాంటి ఊళ్ళో పది ముస్లిం కుటుంబాలు చిన్న మసీదు కట్టుకుంటామని మన 60 సంతకాలు అడిగితే ఎన్ని వస్తాయి?

మా విచారణ పెద్దల సమావేశంలో ఊరికే, మాటవరసకు ఇదే అడిగాను. నేనైతే పెడతానని ముందే చెప్పాను. ఆరుగురు పెడతామన్నారు. ఇద్దరు ఆలోచించుకొని చెబుతామన్నారు, ఇంకా చెప్పలేదు.