టర్నర్ అనే ఇంటిపేరు

ఇంగ్లీషువారి ఇంటిపేర్లలో స్మిత్, టేలర్ లాగే టర్నర్ కూడా వృత్తి నుంచి పుట్టినదే. కొయ్యను గాని లోహాన్ని గాని తిప్పుతూ ఉలి ఆనించి గుండ్రంగా తీర్చేవాణ్ణి, అంటే తరిమెన పట్టేవాణ్ణి, మధ్యయుగాల ఇంగ్లండులో ఆ మాటతో పిలిచేవారు. తరాలు గడిచేసరికి పని జారిపోయి పేరు మాత్రం మిగిలింది: సముద్రాన్నీ ఓడలనూ అద్భుతంగా చిత్రించిన జె.ఎం.డబ్ల్యూ. టర్నర్ (1775–1851) ఒక క్షురకుని కుమారుడు. 1831లో అమెరికాలోని వర్జీనియాలో బానిసల తిరుగుబాటు నడిపి ఉరికంబమెక్కిన నాట్ టర్నర్‌కు ఆ పేరు యజమాని కుటుంబం నుంచి వచ్చింది. అన్నా మే బుల్లక్‌గా పుట్టిన గాయని టీనా టర్నర్ 1978లో విడాకులు పొందినప్పుడు, ఆస్తిలో చాలాభాగం వదులుకుని, భర్త వైపు నుంచి వచ్చినా తన గొంతుతో కీర్తికెక్కిన ఆ పేరును మాత్రం విడిచిపెట్టలేదు. పేరు ఎవరిచ్చారన్నది కాదు, దాన్ని ఎవరు తమ శ్రమతో నింపారన్నదే హక్కును తేలుస్తుందని చెప్పడానికి ఆమె ఒక్కతే చాలు.

దక్షిణ ఇంగ్లండువారి నోట ఈ పేరులోని రెండు రేఫలూ వినబడవు. ఈ పేరు వాడుకలో ఉన్న విశాఖపట్నంలో మాత్రం రెండింటినీ స్పష్టంగా పలుకుతారు. ఒకప్పుడు ఇంగ్లండంతా అలాగే పలికేది, స్కాట్లండు నేటికీ పలుకుతుంది గనుక దీన్ని అపభ్రంశమనడం అన్యాయం.

1880లలో విశాఖపట్నం జిల్లా కలెక్టరుగా పనిచేసిన హెచ్.జి. టర్నర్ పేరు, విశాఖ నగరంలో ఒకప్పుడు బాటసారులు బసచేసిన సత్రమైన టర్నర్ చౌల్ట్రీ మీద నిలిచింది. అయితే అదే నగరంలో ఆ మాటకు మరో జీవితముంది: ఐటీఐలలో టర్నర్ అనేది రెండేళ్ల కోర్సు. ఓడల మరమ్మతు, ఉక్కు యంత్రాలు ఉన్నచోట లేత్ పని, అంటే తరిమెన పని, తప్పదు. జాబ్‌ను, అంటే చెక్కవలసిన ముక్కను, చక్‌లో బిగించి, అది వణకకుండా కేంద్రం సరిచూసి, తిరిగే లోహానికి టూల్ తాకించి, వెంట్రుకవాసి పొరలు తీస్తూ, మధ్యమధ్య ఆపి మైక్రోమీటరుతో కొలుచుకునే కార్మికుడు, ఇంగ్లండులో ఆ పేరు ధరించిన వేలమందికి లేని అర్థాన్ని దానికి తిరిగి ఇస్తున్నాడు. ప్రసిద్ధులైన టర్నర్ల జాబితాలో కలెక్టరుకు చోటుంటే ఉండవచ్చు. విశాఖకు సంబంధించినంతవరకు ఆ పేరుకు అసలు వారసులు లేతుల ముందు నిలబడినవారే.