వేరునకు చెందవలసిన భాగము

సంస్కృతమున చెట్టునకు 'పాదపము' అను పేరు కలదు. పాదములతో త్రాగునది అని దాని అర్థము. మహాభారతమున శాంతిపర్వమందు భృగుమహర్షి, వృక్షములకును ప్రాణమున్నదని భరద్వాజునకు బోధించుచు, తామరతూడుతో నీటిని పీల్చుటను పోలికగా చూపి, చెట్టు వేళ్ళతో జలమును పైకి గ్రహించు విధమును తెలిపెను. పెద్దలు ఒక్క పేరులో ఇమిడ్చిన ఈ విషయమును నేటి వృక్షశాస్త్రము విపులముగా వివరించుచున్నది. ఆ వివరణలో గృహస్థులు ఆలోచింపదగిన ధర్మసూక్ష్మ మొకటి కలదు.

లోకమున తరచు వినవచ్చు ప్రశ్న యిది: "కన్నవారిని మరచినవాడు, పెంచిన ఊరి ముఖము చూడనివాడు సుఖముగా వర్ధిల్లుచున్నాడే! ఋణము తీర్చనివానికి కీడు తప్పదనుట నిజమైనచో, వాని కొమ్మ ఏల వాడలేదు?" ఈ ప్రశ్నను త్రోసిపుచ్చరాదు. కంటి ఎదుట నున్నదానిని కాదన్నచో ఎవరును నమ్మరు. దీనికి సమాధానము చెట్టునొద్దనే వెదకుదము.

చెట్టులో రెండు ప్రవాహములు కలవు. మొదటిది వేరునుండి ఆకునకు పోవునది. నేలలోని నీరును, అందు కరగియున్న నత్రజని, భాస్వరము, పొటాషియము మొదలగువాని లవణములును సన్నని వేళ్ళ నూగు ద్వారా లోనికి వచ్చి, కొయ్యలోని సూక్ష్మమైన గొట్టముల గుండ పైకి పోవును. ఒకనాటి జీవకణములు తమలోని సారము విడిచి మరణింపగా మిగిలిన బోలు గొట్టములివి. ఇంగ్లండునకు చెందిన మతాచార్యుడు స్టీఫెన్ హేల్స్, కుండీలోని ప్రొద్దుతిరుగుడు మొక్కను పలుమార్లు తూచి, అది ఆకుల ద్వారా ఎంత నీరు విడుచుచున్నదో లెక్కగట్టి 1727లో ప్రకటించెను. ఆ నీరు పైకెక్కు కారణమును 1894లో డబ్లిన్ నగరమున హెన్రీ డిక్సన్, జాన్ జోలీ అను శాస్త్రజ్ఞులు వివరించిరి. ఆకులయందలి రంధ్రములనుండి నీరు ఆవిరియై పోవుచుండగా, వెనుకనున్న నీరు ముందుకు లాగబడును. నీటి అణువులు ఒకదానినొకటి విడువక పట్టుకొనియుండుటచే ఆ లాగుడు వేరువరకు సాగును. కాలిఫోర్నియాలో 115 మీటర్లకు మించి పెరిగిన రెడ్‌వుడ్ వృక్షపు కొనకు నీరు చేరుట ఇట్లే. మన ఇంటి తులసికోటలోని మొక్కకు నీరెక్కుటయు ఇట్లే.

రెండవ ప్రవాహము ఆకునుండి వేరునకు పోవునది. ఆకు సూర్యరశ్మితో చక్కెరను సిద్ధము చేయును. చీకటిలోనున్న వేరు ఆ పని చేయజాలదు. ఆ చక్కెర బెరడు లోపలి నారపొరలోనున్న సజీవనాళముల గుండ వేరునకు, చిగురునకు, కాయకు అందును. చక్కెర నిండినచోట నీరు చేరి ఒత్తిడి పెరుగుననియు, అది ఖర్చగుచోట ఒత్తిడి తగ్గుననియు, ఆ తేడాయే ప్రవాహమును నడపుననియు 1930లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ మ్యూంచ్ విశదీకరించెను. లేత చిగురు తొలుత ఇతర ఆకుల సంపాదనపై ఆధారపడును. సుమారు సగము పెరుగునప్పటికి అది తీసుకొనుట మాని ఇచ్చుట ఆరంభించును.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. ఒక మామిడిచెట్టు మానుచుట్టును ఉంగరమువలె బెరడును, దానితో నారపొరను తొలగించితి మనుకొనుడు. ఇట్టి పరీక్షను 17వ శతాబ్దమున ఇటలీ వైద్యుడు మాల్పీగీ చేసియుండెను. కొయ్య చెక్కుచెదరలేదు గనుక నీరు ఎప్పటివలెనే పైకి పోవుచుండును. ఆకులు పచ్చగానే యుండును. అంతేకాదు, క్రిందికి పోవలసిన చక్కెర దారిలేక పైననే నిలిచిపోవుటచే గాయమునకు ఎగువభాగము ఉబ్బును. చూచువారికి ఆ చెట్టు మునుపటికంటె పుష్టిగా నున్నట్లు తోచును. క్రిందనున్న వేరు మాత్రము పూర్వము దాచుకొన్న పిండిపదార్థమును కొంచెము కొంచెముగా ఖర్చుచేయుచు, పైకి నీరు పంపుట మానక, బ్రతుకీడ్చుచుండును. కొన్ని మాసములకో, ఒకటి రెండేండ్లకో ఆ నిలువ తరిగి వేరు చచ్చును. అటుపిమ్మట ఆకు వాడును.

కావున మరచినవాని సంపద అబద్ధము కాదు; అది మరచినందుకు లభించిన బహుమానమును కాదు. వాని ఇంటికి నీరు ఇంకను వచ్చుచున్నది. కుమారుని ఉత్తరము రాకున్నను తల్లి వాని క్షేమమునకై దీపము పెట్టుచునే యుండును. పంట చేతికందగనే బియ్యము, పచ్చళ్ళు పంపుచునే యుండును. ఆ కొమ్మ పచ్చదనము ఆమె నిలువనుండి వచ్చినది. కొమ్మ వాడుటకై ఎదురుచూచు లోకము, అంతకుముందే క్రింద ఎండిపోవుచున్న వేరును గమనింపకున్నది.

ఇచట ఒక ఆక్షేపణ కలదు. ఆకు వేరునకు పంపుట ప్రకృతి నియమమే గాని పుణ్యము కాదు గదా, అట్టిదానినుండి మానవుడు ధర్మము నెట్లు నేర్చునని కొందరందురు. ఈ మాట నిజము. ఆకు పంపకుండ ఉండజాలదు. మానవుడు ఉండగలడు, కత్తి వానిచేతిలో నున్నది. భాగవతము దశమస్కంధమున శ్రీకృష్ణుడు గోపబాలురకు వృక్షములను చూపి, పరులకై బ్రతుకు వాని జీవితమును కొనియాడెను. చెట్టునకు స్వభావమైనది మనకు సంకల్పము కావలసియున్నది. అందుచేతనే అది మన విషయమున ధర్మమైనది.

ఆకు తన సంపాదననంతయు వేరునకే పంపదు. చిగురునకును, కాయకును భాగము లుండును. బిడ్డల చదువు మాని పెద్దలకే సర్వము పెట్టుమని ధర్మము చెప్పదు. వేరు భాగమును కాయకు కలుపరాదనియే చెప్పును.

ద్రాక్షతోటలలో కాయ ఊరుటకై రైతులు తీగచుట్టును బెరడును సన్నగా తీయుట కలదు. ఆ గాటు సన్ననిదగుటచే కొన్ని వారములలో పూడి, నార తిరిగి కలియును, తీగ బ్రతుకును. గాటు వెడల్పైనచో కలియదు. నగరములలో, విదేశములలో నివసించు బిడ్డలకును కొంత ఎడబాటు తప్పదు. ఎడమైనంత మాత్రమున చెట్టు చావదు. అయితే పూడుటకు గడువు గలదు. ఆ గడువు వేరులో మిగిలిన నిలువనుబట్టి యుండును గాని, ఆకు పచ్చదనమునుబట్టి యుండదు. కనుక తాము క్షేమముగా నున్నారో లేదో చూచుకొని తృప్తిపడక, ఊరిలో ఒంటరిగానున్నవారు ఎట్లున్నారో నేడే విచారించుట బిడ్డలకు విధి.