పూచీ పడుట దాసోహమగునా?



మిత్రుడొకడు కారు కొనదలచినాడు. బ్యాంకువారు అప్పు ఇచ్చుటకు సమ్మతించిరి గాని, అతని ఆదాయము చాలదనియో, వెనుకటి అప్పుల తీరు బాగులేదనియో, నిలుకడగల జీతగాడొకడు పూచీ పడవలెనని కోరిరి. అతడు మీ యింటికి వచ్చి, "అన్నా, ఒక్క సంతకమే గదా! నీవు పైసా కట్టవలసిన పనిలేదు" అనును. మీరు ఉపాధ్యాయులో, ప్రభుత్వోద్యోగులో అయినచో ఈ మాట ఒకసారియైనను వినియే యుందురు. మన జీతపు చీటీకి గల గిరాకి అట్టిది. కాదనిన స్నేహము చెడునను భయము. ఔననిన ధర్మము చేసితిమను తృప్తి. ఆ తృప్తిని గూర్చియే విచారింపదలచితిని. ఏలయన, ఈ సంతకమును దాసోహముతో పోల్చి సమర్థించుకొను సజ్జనులు మనలో పలువురు కలరు.

దాసోహమనగా కాయకముచేత ఆర్జించినదానిని ఫలాపేక్ష లేక సమర్పించుట. ఇచ్చునది చేతిలో నుండవలెను. ఇచ్చిన పిదప అది మనది కాదు. దాని లెక్క మనలను వెంటాడదు. పూచీ అట్టిది కాదు. రేపు సంపాదింపబోవు దానిని, ఆలుబిడ్డల భాగముతో కూడ కలిపి, నేడే పరుని మాటపై తాకట్టు పెట్టుటయే పూచీ. ఇందు ఇచ్చుట లేదు. ఇయ్యవలసి రాదను ఆశ మాత్రమే కలదు. ఇయ్యవలసి వచ్చిననాడు మనస్సు దాసోహభావముతో పొంగదు, మిత్రుని తిట్టుకొనును. ఏరు దాటువరకు ఓడ మల్లన్న, దాటిన పిమ్మట బోడి మల్లన్న అను సామెత అప్పుడు గుర్తునకు వచ్చును.

చట్టమేమనుచున్నదో చూతము. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టములోని 128వ సెక్షను ప్రకారము, ఒప్పందములో వేరుగా వ్రాసికొననంతవరకు, హామీదారు బాధ్యత అసలు ఋణస్థుని బాధ్యతతో సరిసమానము. లోకమున చాలమంది దీనిని తలక్రిందులుగా ఊహించుకొందురు. బ్యాంకు మొదట మిత్రుని అడిగి, అతని ఆస్తిని అమ్మించి, అప్పటికిని తీరనిచో మాత్రమే తమ గుమ్మము త్రొక్కునని వారి నమ్మకము. అట్టి వరుస చట్టమున లేదు. 1969 నాటి న్యాయనివేదికలలో ప్రకటితమైన బ్యాంక్ ఆఫ్ బీహార్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టపరచియున్నది. బ్యాంకు తలచినచో నేరుగా హామీదారుపై దావా వేయవచ్చును. డిక్రీ పొందినచో, సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షను ననుసరించి, జీతములో మొదటి 1000 రూపాయలు విడిచి, మిగిలినదానిలో మూడవ వంతు వరకు జప్తు చేయించవచ్చును. హామీదారు మరణించినను, అప్పటికే ఇచ్చిన అప్పునకు సంబంధించిన బాధ్యత ఆయన విడిచిపోయిన ఆస్తిని అంటియే యుండును.

ఇక లెక్క. ఆరున్నర లక్షల కారునకు 6 లక్షల అప్పు, నూటికి ఏటా 10 వడ్డీ, 5 సంవత్సరముల గడువు అనుకొందము. నెలసరి వాయిదా సుమారు 12,748 రూపాయలు. మిత్రుడు ఒక యేడు సక్రమముగా కట్టి ఆగిపోయినాడు. అతడు కట్టినది లక్షా 53 వేలకు దగ్గర. అసలులో తగ్గినది 97 వేలు మాత్రమే. బాకీ ఇంకను 5 లక్షల పైచిలుకు. కారు సంగతి చూడుడు: యేడు నిండిన బండి విలువను బీమావారు నూటికి 20 తగ్గించి కట్టుదురు, నాలుగేండ్లు దాటినచో సగమునకు దించుదురు. బ్యాంకువారు బండిని స్వాధీనపరచుకొని వేలము వేసినప్పుడు ఆ కట్టిన విలువయు రాకపోవచ్చును. 4 లక్షలే వచ్చినచో, తక్కిన లక్షయు, ఆలస్యపు వడ్డీయు, ఖర్చులును హామీదారు తలపై పడును. ఒక్కనాడును ఎక్కి యెరుగని కారది! రిజిస్ట్రేషను పత్రములో అతని పేరు లేదు. అమ్ముటకు అధికారము లేదు. అంతేకాదు, తాను హామీ యున్న అప్పు సిబిల్ వంటి సంస్థల నివేదికలో తన పేరిటను కనిపించును. తన కుమార్తె చదువునకు అప్పు కోరిననాడు మిత్రుని వాయిదాల బాకీ అడ్డము నిలువవచ్చును.

ఇచ్చట మనము గమనింపని విషయమొకటి కలదు. అప్పు లిచ్చుటయే బ్యాంకు వృత్తి. ఇచ్చినగాని దానికి బ్రతుకు లేదు. అట్టి బ్యాంకు మిత్రుని జీతమును, ఖర్చును పరిశీలించి, ఇతనిని ఒక్కనిని నమ్మి ఈయజాలమని చెప్పినది. మనము ఏ పరిశీలనయు లేక, కాఫీ త్రాగినంతసేపటిలో, ఈయవచ్చునని వ్రాలు చేయుచున్నాము. దీనిని స్నేహమనుట కంటె మొగమాటమనుట సత్యమునకు దగ్గర.

ఆయ్దక్కి మారయ్య కథ మీరెరిగినదే. కల్యాణమున బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఒకనాడు నిత్యము కంటె ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని చూచి సంతసింపలేదు. అవసరమునకు మించినది ఎందులకని ప్రశ్నించి, మిగులును తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపెను. ఈ కథను అత్యాశకు విరుగుడుగా చెప్పుట పరిపాటి. నాకు మాత్రము ఇందు మరియొకటి గోచరించును. ఇంటిలోనికి వచ్చు ప్రతి గింజకును లెక్క అడుగు అధికారము లక్కమ్మకు కలదు. ఆయన తెచ్చెను, ఆమె అడిగెను, ఆయన వినెను. మరి మన యిండ్లలోని లక్కమ్మలకు హామీ పత్రము సంగతి ఎప్పుడు తెలియుచున్నది? బ్యాంకు నోటీసు వచ్చిననాడు, టపా బంట్రోతు చేతి మీదుగా. 6 లక్షల భారమును ఇంటికి తెచ్చి గూటిలో దాచుట శరణుల సంసారమగునా? ఆమెకు చెప్పుటకు జంకు కలిగినచో, ఆ సంతకము చేయదగినది కాదని అక్కడనే తేలిపోయినది.

అడుగువారికిని ఒక మాట. కారు ఔషధము కాదు, అన్నము కాదు. బ్రతుకుతెరువునకు టాక్సీ కొనువాని సంగతి కొంత వేరు. పెండ్లిండ్లకు దిగి వచ్చుటకు కొనువాడు స్నేహితుని జీతమును పణముగా ఒడ్డుట న్యాయము కాదు. తన కొలతకు సరిపడు పాతబండి దొరకదా?

అట్లని మిత్రుని రిక్తహస్తములతో పంపుడని నేననను. ఇంటిలో సంప్రదించి, పోయినను బాధపడని మొత్తము, ఇరువది వేలో ఏబది వేలో, నేరుగా అతని చేతికీయుడు. దానికి అంతు కలదు. అతడు తొలిమొత్తము ఎక్కువ కట్టుకొన్నచో అప్పు తగ్గును, పూచీ అవసరమే తప్పవచ్చును. ఎంత చెప్పినను సంతకము చేయక తప్పని బంధమైనచో, ఆ 12,748 రూపాయలను ఆరు నెలలు తామే కట్టగలరా అని చూచుకొని, కట్టగలిగిననే చేయుడు.

ఇదివరకే చేసినవారు బ్యాంకునకు లిఖితపూర్వకముగా అర్జీ పెట్టి, వాయిదా తప్పిన వెంటనే తమకు తెలుపవలెనని కోరుడు. హామీ పత్రపు నకలు తెచ్చుకొని చదువుడు. చట్టము హామీదారునకిచ్చిన రక్షణలను వదలుకొనుచున్నట్లు అందు వ్రాసియుండుట సామాన్యము. మిత్రునికై చెల్లించవలసి వచ్చినచో ప్రతి రసీదును భద్రపరచుడు. పూర్తిగా చెల్లించిన హామీదారునకు, 140వ సెక్షను ప్రకారము, ఋణస్థునిపై బ్యాంకునకు గల హక్కులన్నియు సంక్రమించును; న్యాయముగా చెల్లించిన సొమ్మును రాబట్టుకొను హక్కు 145వ సెక్షను ఇచ్చుచున్నది. ఆ దావాను చెల్లించిన నాటినుండి 3 సంవత్సరములలోపల వేయవలెను.