సాకకు ఏ కల్లు?

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో కల్లు రుచుల ముచ్చట మొదలైతే ఒక పట్టాన తెగదు. తాటికల్లు వేరు, ఈతకల్లు వేరు. తాటిలోనూ పోతుతాడుది ఒక రుచి, పండుతాడుది ఇంకొకటి. పొద్దున దించిన లొట్టి తియ్యగా ఉంటుంది, ఎండెక్కేసరికి పులుస్తుంది, పొద్దుగూకేసరికి ఘాటెక్కి ముఖం చిట్లించేలా చేస్తుంది. చెట్టు ఒక్కటే, పూటకో రుచి. 

ధర్మం చెప్పేవాళ్లకు చిక్కు వచ్చింది ఈ మార్పు దగ్గరే. లొట్టిలో బొట్టు పడ్డప్పటి నుంచే ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మార్చడం మొదలుపెడుతుంది. లోపల సున్నం పూస్తే ఆ పని నెమ్మదిస్తుంది, అంతే. మరి నీరా, అంటే ఇంకా పులియని చెట్టు రసం, ఏ గడియలో మత్తు పానీయమైంది? తాగినవాడికి దోషం ఎప్పటి నుంచి?

ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. బుద్ధుడు పోయిన నూరేళ్లకు వైశాలిలో భిక్షువులు సమావేశమై పది అంశాలపై తగవు పడ్డారు. ఇంకా మత్తెక్కని సుర తాగొచ్చా అన్నది అందులో ఒకటి. పెద్దలు కూడదన్నారు. మత్తెక్కే దారిలో ఉన్నదాన్ని కూడా వాళ్లు నమ్మలేదు. ఫణిగిరి గుట్ట మీద, నాగార్జునకొండ లోయలో ఆరామాలు కట్టుకున్న భిక్షువులకూ వినయ నియమాలు, అంటే సంఘ క్రమశిక్షణ నియమాలు, ఉండేవి.

మనుస్మృతి సురాపానాన్ని మహాపాతకాల్లో చేర్చి, సుర మూడు రకాలంది. తరువాతివాళ్లు ఆ గీతను ఇంకా సన్నగా గీశారు. పాలమూరు నేలనూ ఏలిన కల్యాణి చాళుక్యుల కొలువులో విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర, తాటి, ఖర్జూరపు మద్యాలను సురతో కలపకుండా వేరే పట్టీలో చూపింది. ఎవరికి ఎంత దోషమన్న లెక్క కులాన్ని బట్టి మారింది. కల్లు గీసే గౌడులను ఈ చర్చలోకి పిలిచినవాళ్లు మాత్రం కనబడరు.

పల్లె మతం అడిగే ప్రశ్న వేరు. ఎల్లమ్మకు కల్లు సాక, అంటే అర్పణగా ధార, పోసేటప్పుడు మత్తు ఎంతన్నది ఎవరూ కొలవరు. గీత వృత్తివాళ్లు కాటమయ్యను కొలిచి మోకు పట్టుకుంటారు. ప్రాణం పణంగా పెట్టి దించిన కల్లే మొక్కుబడికి చేరుతుంది. సూర్యాపేట దగ్గరి పెద్దగట్టు జాతరలో లింగమంతుల స్వామికి మాంసం పెట్టరు, చౌడమ్మకు యాటలు కోస్తారు. ఒకే గుట్ట, రెండు నియమాలు, భక్తులు మాత్రం వాళ్లే. శాస్త్రకారులకు మింగుడుపడని ఈ సర్దుబాటు అక్కడ రెండేళ్లకోసారి పేచీ లేకుండా జరిగిపోతుంది.

అయితే శాస్త్రం లెక్కనూ పల్లె పద్ధతినీ రెంటినీ బోల్తా కొట్టించింది మందు కల్లు. క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్ప్రాజోలమ్ లాంటివి నీళ్లలో కలిపి కల్లు పేరుతో అమ్మడం పాలమూరులో ఏళ్లుగా ఉన్న రోగం. 2015లో దాడులు పెరిగి సరుకు ఆగినప్పుడు, అలవాటుపడ్డవాళ్లు చేతులు వణుకుతూ, మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలే తీసింది. ఈ సరుకుకు చెట్టు లేదు, పొద్దు లేదు. పొద్దుటికీ సాయంత్రానికీ రుచి మారదు. నాలుకతో పోల్చి చూసే పాత విద్యకు ఇందులో పట్టు దొరకదు.

దాన్నే సాకగా పోస్తే? మత్తు దగ్గర అమ్మవారికి పేచీ లేదు. మందు బిళ్లల నీళ్లను చెట్టు కల్లని చెప్పి పోయడం దగ్గరే తప్పుంది. వైశాలి పెద్దలు దోషాన్ని లొట్టిలో వెతికారు, ఇక్కడ అది అమ్మే చేతిలో ఉంది.

ఆ పాత తగవులో సగాన్ని ఇప్పుడు ఫ్రిజ్ తీర్చేస్తోంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023 మేలో ప్రభుత్వం తెరిచిన నీరా కేఫ్‌కు చెట్టు రసం పులియకుండా చల్లదనంలోనే చేరాలి. ఆ చల్లదనం తప్పితే కొన్ని గంటల్లో మళ్లీ వైశాలి ప్రశ్నే.